ఎదురు తలుపు

జ్యేష్ఠ శుద్ధ తదియ

గాలి లేదు. వాన లేదు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. అయినా ఇవాళ పొద్దున మడుగులో నీళ్లు మోకాలి లోతు తగ్గిపోయాయి. కాసేపటికి తిరిగొచ్చి నడకబల్లలు ముంచేశాయి. మళ్లీ తగ్గాయి. నీళ్లకి కాళ్లు లేవు. ఎవరో ఒకరు తీసుకుపోతేనే పోతాయి. తీసుకుపోయిందెవరో నాకు తెలుసు.

తలుపు కాపరి రోజూ దినచర్య రాయాలని నియమం. నీళ్లెంత, గాలి బరువెంత, తలుపు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది. అవన్నీ రెండు ఊళ్ల కమిటీకి విడిగా రాసి పంపుతాను. ఇది నా కడుపుమంట కొద్దీ రాసుకునేది.

ఉత్తరం తలుపు కాపలా నాది. పేరు మైలపల్లి పోలేశ్వరి. దక్షిణం తలుపు కాపలా సూరాడ గురన్నది. ఈ రెండు తలుపుల మధ్య సముద్రాన్ని ఆపుతూ కొడవలిలా వంగిన కట్ట ఉంది. కట్టకి లోపల మడుగు, మడుగు మీద మా తెప్పిళ్లు. ఊళ్లు మునిగినప్పుడు మెరకపాలెం వాళ్లం ఉత్తరపు సగంలో, ఇసకలంక వాళ్లు దక్షిణపు సగంలో ఇళ్లని తెప్పల మీదికి ఎక్కించుకున్నాం. మేం వాళ్లని నమ్మం, వాళ్లు మమ్మల్ని నమ్మరు. అందుకే తలుపులు రెండు, కాపరులు ఇద్దరు. తలుపు మీట కాపరి అరచేతికి తప్ప ఇంకెవరి చేతికీ కదలదు. కాపరులిద్దరూ మాట్లాడుకోకూడదు. మాట్లాడుకుంటే కుమ్మక్కయిపోతారని పెద్దల భయం. తలుపు ఎత్తినప్పుడు స్తంభం మీద ఎర్రగుడ్డ ఎగరేయాలి. ఒకరు ఎత్తితే రెండోవాళ్లకి ఎత్తే హక్కు వస్తుంది. తలుపుకి తలుపు, అదీ ఒప్పందం.

ఈ రోజు నీళ్లు తగ్గడానికి కాస్త ముందు గురన్న స్తంభం మీద ఎర్రగుడ్డ ఎగిరింది. నేను దుర్భిణిలో కళ్లారా చూశాను. వాడు గుడ్డ ఎగరేశాడు, నా నీళ్లు పోయాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

నేను ఊరుకోలేదు. బయట సముద్రం పోటు మీద ఉంది, లోపలికంటే ఎత్తుగా ఉంది. వాడు పట్టుకుపోయినన్ని నీళ్లు సముద్రం నుంచి తెచ్చుకుందామని మీట నొక్కి నా తలుపు ఎత్తాను, గుడ్డ ఎగరేశాను. మా తలుపు పాతది, పైకి లేచేసరికి పావుగంట పైనే పడుతుంది. అది పూర్తిగా లేచేసరికి నీళ్లు వాటంతటవే వెనక్కి వచ్చేస్తున్నాయి. దొంగకి భయం వేసి వదిలేసి ఉంటాడు.

మధ్యాహ్నమంతా తలుపు గాడిలో పెరిగిన ఆలిచిప్పలు గీకి, పట్టాలకి చేపనూనె రాశాను. ఎర్రగుడ్డ ఉతికి ఆరేశాను.

చవితి

మా ఆయన ఎల్లాజీ గజ ఈతగాడు. మడుగుకి నడుములా సన్నగా ఉండే చోట రెండు ఊళ్లనీ కలిపే తేలే వంతెన ఉంది. దాని గొలుసులు నీళ్ల అడుగున తుప్పు పట్టకుండా చూడటం ఆయన పని. మొప్ప ముసుగు తగిలించుకుని దిగితే పూటంతా అడుగునే ఉంటాడు. కిందకి దిగేవాడు ఒక ఊరివాడైతే, పైన పడవలో వాడి నడుముకి కట్టిన తాడు పట్టుకునేవాడు రెండో ఊరివాడు. ఇదీ ఒప్పందమే. నీవాడి ప్రాణం నా చేతిలో ఉంటే, నావాడి ప్రాణం నీ చేతిలో ఉంటుందని. ఎల్లాజీ తాడు పట్టుకునేది గురన్న తమ్ముడు దానయ్య. తలుచుకుంటేనే నాకు అన్నం దిగదు.

రాత్రి నాచు పులుసు వడ్డిస్తూ అడిగాను, నిన్న నడుములో నీళ్లు ఎంత దిగాయని.

"దిగినేదు, ఎక్కినేదు. వంతెన కాడ స్తంభం మీద తడి గీత ఉన్న కాడే ఉన్నాది" అన్నాడు.

"ఇక్కడ మోకాలు లోతు దిగితే అక్కడ దిగకుండా ఎలగుంటాది?"

"నానేటి సెప్పగల్ను? నీల్లనడుగు."

నడుము దగ్గర ఉండేవాళ్లు రెండు ఊళ్లకీ పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్లు. మా మేనత్త కోడలు సింహాలమ్మ అక్కడే ఉంటుంది. వంతెన టోల్ గదిలో కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూస్తుంది. తలుపు పక్కన నా గదిలో, దూరంవాళ్ల మాటలు మోసే, అడిగితే తనూ జవాబు చెప్పే కబుర్ల పెట్టె ఉంది. అందులో ఆమెని పిలిచి అడిగాను. ఆమె కూడా అదే మాట. "మాకేటీ తెలీదు వదినా, పళ్లెంలో నీల్లలాగ కదలకండా ఉన్నాయి" అంది.

రెండు కొసల వాళ్లూ కొట్టుకుచస్తుంటే మధ్యవాళ్లకి చుక్క తేడా లేదట. ఇప్పుడు నా అనుమానం గురన్న మీదే కాదు, మధ్యవాళ్ల మీద కూడా.

షష్ఠి

ఇవాళ మరీ ఎక్కువ. పొద్దున తూరుపున సముద్రం మీద చాలా దూరంలో నల్లటి గీతలా మబ్బు కనిపించి, ఇటు రాకుండానే కరిగిపోయింది. చెవుల్లో గుయ్‌మంది. చల్లటి గాలి ఒక్కసారి ముఖానికి కొట్టి ఆగిపోయింది. కబుర్ల పెట్టె మీద గాలి బరువు చూపే ముల్లు టక్కున పైకి లేచి, మళ్లీ పడిపోయింది.

"అదేటి?" అని పెట్టెని అడిగాను.

"వాయు పీడనంలో స్వల్ప మార్పు. తుఫాను సూచనలు లేవు. హెచ్చరిక అవసరం లేదు" అంది, ఎప్పటిలాగే గ్రాంథికం వెలగబెడుతూ. తదియ నాడు కూడా ఇదే మాట చెప్పింది. ఈ పెట్టెని బాగుచేసి వెళ్లిన మనిషి లంకవాడని నాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

కాసేపటికి నీళ్లు లేచాయి. మా నడకబల్లల మీదికి చీలమండ లోతు వచ్చాయి. సరిగ్గా అప్పుడే గురన్న స్తంభం మీద ఎర్రగుడ్డ. ఆ తర్వాత నీళ్లు దిగడం మొదలుపెట్టి ఆగలేదు. ఉత్తరపు కొసన తెప్పిళ్లు బురదలో కూర్చుని ఒరిగిపోయాయి. నూకయ్యమ్మ పొయ్యి మీది కుండ ఒళ్లో పడి తొడ కాలింది. పీతల బుట్టలు ఎండలో తేలాయి.

మా ఊరి తరఫున కమిటీలో ఉండే తాతారావు చిన్నాన్న పంచె ఎగ్గట్టుకుని బురదలో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏటి సూస్తన్నావే పిల్లా? ఆల గుడ్డ లేసినాది కనబడ్లేదా? ఎత్తు తలుపు!"

ఎత్తాను. తలుపు లేచేసరికి మడుగు నీళ్లు తిరిగి వస్తున్నాయి. వాటి మీద సముద్రం నీళ్లు కూడా పడ్డాయి. ఈసారి నడకబల్లల మీద మోకాలి లోతు. మళ్లీ వాడి గుడ్డ లేచింది. మళ్లీ మా నీళ్లు పోయాయి, ఇంకాస్త ఎక్కువ పోయాయి. మధ్యాహ్నం పోటు తగ్గేదాకా ఇదే ఆట. వాడు ఎత్తడం, నేను ఎత్తడం.

లంకవాళ్లు వాళ్ల తలుపు వెనక దొంగచాటుగా రొయ్యల గుంటలు తవ్వారని, మడుగు నీళ్లు వాటిలోకి తోడుకుంటున్నారని నా లెక్క. చిన్నాన్నకి చెప్పాను. "నాకూ అదే అనుమానం" అన్నాడు. ఆయనకి నేను చెప్పేదాకా ఏ అనుమానమూ లేదు, ఆ సంగతి నాకు తెలుసు.

అష్టమి

ఇవాళ గురన్నకి వల పన్నాను.

పొద్దున ముల్లు ఎగిరింది, చెవులు గుయ్‌మన్నాయి. నీళ్లు కదలబోతున్నాయని అర్థమైంది. నేను గది కిటికీకి గోనెపట్టా కట్టి, సందులోంచి దుర్భిణి పెట్టుకుని కూర్చున్నాను. వాడు గుడ్డ ఎగరేసినా నేను ఎత్తకూడదు. నేను లేననుకుని వాడు ధైర్యంగా దొంగతనం చేస్తాడు, అప్పుడు పట్టుకోవాలి.

గుడ్డ ఎగరేశాడు. నీళ్లు దిగాయి. నేను పళ్లు బిగించి కూర్చున్నాను. చిన్నాన్న వచ్చి తలుపు బాదితే పలకలేదు. నీళ్లు తిరిగి వచ్చాయి. కానీ వచ్చినవి చీలమండ దాకా కూడా రాలేదు. మళ్లీ దిగాయి, అదీ కొంచెమే. వాడు రెండోసారి గుడ్డ ఎగరేయలేదు. మూడోసారికి నీళ్లు కదిలాయో లేదో కూడా తెలియలేదు.

వాడు పసిగట్టాడు. నేను చూస్తున్నానని తెలిసే తోక ముడిచాడు. అంటే వాడు కూడా దుర్భిణిలో నన్ను చూస్తూనే ఉంటాడన్నమాట.

నవమి

ఎల్లాజీతో గొడవైంది.

లంక తలుపు కిందకి వెళ్లి రొయ్యల గుంటలు ఉన్నాయో లేదో చూసి రమ్మని మూడు రోజులుగా పోరుతున్నాను. ఇవాళ వెళ్లొచ్చాడట. దానయ్యే పడవ మీద తీసుకెళ్లాడట!

"గుంటలూ నేవు, తూములూ నేవు. ఇసక. ఒట్టి ఇసక."

"ఆ దానయ్య నీకు కావలసిన కాడికి తీసుకెళ్లి ఉంటాడు. మిగతాది దాచేసుంటాడు."

"ఓలే, పోలీ. నానొకటి సెప్తాను, అరవకు. నడుములో నీల్లు ఎక్కవు, దిగవు. కానీ నిలబడి కూడా ఉండవు. కొంతసేపు ఇటేపు లాగుతాయి. ఆగుతాయి. మరి అటేపు లాగుతాయి. షష్ఠి నాడయితే మొప్ప ముసుగు మూతి మీంచి పీకేసినంత పని సేసినాయి. గొలుసు ఒదిల్తే ఎక్కడ తేలుదునో."

"అటేపంటే లంక ఏపే కదా! నాను సెప్పినేదా, ఆల తలుపులోకి లాగుతన్నారు!"

"ఇటేపు కూడా లాగుతాయని సెప్తన్నాను గదే. నువ్వు సగమే ఇంటావు."

కోపం వచ్చి కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆయన దానయ్య పక్షం మాట్లాడుతున్నాడని నాకు ఒళ్లు మండింది. ఆ తాడు పట్టుకునే చెయ్యి ఏదో ఒక రోజు వదిలేస్తే అప్పుడు తెలుస్తుంది అన్నాను. అనకూడని మాట. అనేశాను.

ఏకాదశి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం దాటాక తూరుపు మబ్బుగీత ఈసారి దగ్గరగానే నడిచింది. మన మీదికి చినుకు కూడా పడలేదు. ముల్లు మాత్రం మునుపెన్నడూ లేనంత ఎగిరింది. పెట్టె "స్వల్ప మార్పు" అంది. నోరు మూసుకో అన్నాను. బయట సముద్రం పోటు మీద ఉబ్బి ఉంది.

నీళ్లు లేచాయి. గురన్న గుడ్డ లేచింది. నీళ్లు దిగాయి. నేను ఎత్తాను. నీళ్లు ఈసారి నడుం లోతు వచ్చి రెండు తెప్పిళ్ల తాళ్లు తెంపేశాయి. తలుపు దించాను. వాడి గుడ్డ మళ్లీ లేచింది. మళ్లీ దిగుడు. తెప్పిళ్లలోంచి పిల్లల ఏడుపులు, గిన్నెలు దొర్లిన చప్పుడు. చిన్నాన్న, ఆయన వెనక ఊరి సగం నా గది ముందు బురదలో నిలబడి ఎత్తు ఎత్తు అని అరుస్తున్నారు. నా అరచెయ్యి మీట మీదికి వెళ్లింది.

అప్పుడు పెట్టెలో సింహాలమ్మ గొంతు.

"వదినా! మీ ఆయన నీల్ల అడుగునున్నాడు. గొలుసు కాడ. దానయ్య తాడు లాగుతంటే రావట్నేదు. నీల్లు ఏరులాగ పోతన్నాయి వదినా, లంకేపు పోతన్నాయి, పడవ వంతెనకేసి కొట్టుకుంతన్నాది!"

నీళ్లు లంకవైపు పోతున్నాయట. కానీ ఇప్పుడు గురన్న తలుపు ఎత్తి ఉంది, పోటు మీదున్న సముద్రం ఆ తలుపులోంచి మడుగులోకే వస్తుంది గాని, మడుగు నీళ్లు బయటికి పోలేవు. మరి ఇక్కడి నీళ్లు అక్కడికెందుకు పరిగెడుతున్నాయి? ఎల్లాజీ మాట అప్పుడు పూర్తిగా వినపడింది. ఇటేపు లాగుతాయి, ఆగుతాయి, అటేపు లాగుతాయి. నడుములో ఎక్కవు, దిగవు.

నీళ్లు నిండిన బేసిన్ ఎత్తుకుని నడిచే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే. ఈ అంచుకి ఎక్కితే ఆ అంచున తగ్గుతాయి. మధ్యలో ఎత్తు మారదు, మధ్యలోంచే అంతా అటూ ఇటూ పోతుంది. నీళ్లు ఎవరూ ఎత్తుకుపోలేదు. అవి ఊగుతున్నాయి. నా దగ్గర దిగినప్పుడు వాడి దగ్గర ఎక్కుతున్నాయి. నేను తలుపు ఎత్తుతాను, అది లేచేసరికి నీళ్లు నా వైపు తిరిగొస్తుంటాయి, వాటి మీద నేను సముద్రాన్ని కూడా దొర్లిస్తాను. అవి బలంగా వెళ్లి వాడి వైపు తగ్గినప్పుడు వాడూ అదే చేస్తాడు. నా గుడ్డ లేవడం, ఆ వెనకే తన నీళ్లు పోవడం వాడూ కళ్లారా చూస్తున్నాడు. ఊగుతున్న ఉయ్యాలని చెరో పక్కన నిలబడి తోస్తున్నాం ఇద్దరం, ఎదుటివాడే తోస్తున్నాడని తిట్టుకుంటూ. అష్టమి నాడు నేను తోయలేదు. అందుకే ఆగింది. అంతే. ఆ ఊపు మధ్యలో గొలుసు పట్టుకుని వేలాడుతున్నది నా మొగుడు.

"గురన్నకి కలుపు" అన్నాను పెట్టెతో.

"ఒప్పందం ప్రకారం రెండు తలుపుల మధ్య సంభాషణకు అనుమతి లేదు."

"మనిషి చచ్చిపోతన్నాడు!"

"ఒప్పందంలో మినహాయింపు లేదు."

సింహాలమ్మని బతిమాలాను. గురన్నకి చెప్పు, నేను ఎత్తను, ఆయన్ని ఎత్తవద్దను, ఇద్దరం ఎత్తకపోతే ఆగిపోతుంది అని. ఆమె వెంటనే పిలిచింది. తిరిగి వచ్చిన జవాబు ఇది:

"మరి కాసేపటికి ఆల కాడ ఎక్కేస్తాయి, మా కాడ ఎండిపోతాయి. నాను సేతులు ముడుచుకుని కూకుంటే ఆవిడ ఎత్తేసుకుంటాది. మైలపల్లోల మాట నమ్మమంటావా?"

నాకు కోపం రాలేదు. వాడి చోట నేనున్నా అచ్చం అదే అనేదాన్ని.

మాట నమ్మడు. మరి దేన్ని నమ్ముతాడు? తన కంటితో చూసినదాన్ని నమ్ముతాడు. నాలాగే వాడూ దుర్భిణికి కన్ను అంటించుకునే ఉంటాడు.

గది తలుపు తీసుకుని బయటికి నడిచాను. స్తంభం మీది ఎర్రగుడ్డ విప్పి నీళ్లలోకి విసిరేశాను. కట్ట ఎక్కి, తలుపు నుంచి దూరంగా, మీటకి చెయ్యి అందనంత దూరంగా, అందరికీ కనబడేలా నడిచాను.

"ఏటి సేస్తన్నావే? ఊరు ముంచేస్తావా? అమ్ముడుపోనావేటే?" తాతారావు చిన్నాన్న కట్ట కింద నుంచి అరుస్తున్నాడు. ఎవరో బురద ముద్ద విసిరారు, భుజం మీద తగిలింది.

"నీల్లు వాటంతటవే వొస్తాయి చిన్నాన్నా. కాసేపు ఓపిక పట్టు."

"నువ్వు లంకోల మనిసివి!"

కట్ట నడినెత్తిన కూర్చున్నాను. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాను, అరచేతులు వాడికి కనబడేలాగ. మీట కదిలించగల చెయ్యి ఎక్కడుందో వాడు చూడాలి.

నీళ్లు తిరిగొచ్చాయి. పెద్దవే వచ్చాయి. వాడు ఎత్తిన తలుపు బలం వాటిలో ఉంది. మళ్లీ దిగాయి. అవి దిగబోయే ముందే ఎదురుగా వాడి గుడ్డ మళ్లీ లేచింది. ఒక్కసారి వెనక్కి పరిగెత్తి మీట నొక్కేద్దామనిపించింది, కాళ్లు కూడా లేచాయి. కానీ నేను లేస్తే వాడు చూస్తాడు. కూర్చున్నాను. చేతులు తల మీదే ఉంచాను. ఎల్లాజీ, ఎల్లాజీ అని పేరు పెట్టి పిలుచుకుంటున్నాను. పెళ్లయ్యాక పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

నీళ్లు మళ్లీ వచ్చాయి. ఈసారి నడకబల్లల మీద మోకాలి దాకా. తర్వాత దిగి, మళ్లీ చీలమండ దాకా. కింద అరుపులు తగ్గాయి. వాడి గుడ్డ కిందకి దిగింది. మళ్లీ లేవలేదు.

దుర్భిణి నా మెడలోనే ఉంది. ఒక చెయ్యి తల మీదే ఉంచి, రెండో చేత్తో ఎత్తి చూశాను. లంక కట్ట మీద, తలుపుకి దూరంగా, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బట్టతల, తెల్ల బనీను. ఒక చెయ్యి తల మీద ఉంది. రెండో చెయ్యి దుర్భిణి పట్టుకుని ఉంది. నన్నే చూస్తున్నాడు.

ఎల్లాజీ సంగతి నాకు తెలియదు. పెట్టె గదిలో ఉంది. వెళ్లి సింహాలమ్మని అడగొచ్చు. కానీ నేను లేచి గదివైపు నడిస్తే ఎదుటివాడు ఏమనుకుంటాడు? మీట కోసం వెళ్తోందనుకుంటాడు. లేవలేదు. వాడి తమ్ముడు ఆ పడవలోనే ఉన్నాడు, వాడికీ ఏ కబురూ తెలియదు. వాడూ లేవలేదు. నీళ్లు పూర్తిగా నిమ్మళించేదాకా, పొద్దు దిగిపోయేదాకా, ఇద్దరం చెరో కొసన ఆ కట్ట మీద కూర్చునే ఉన్నాం. నా జన్మలో అంత పొడుగు సాయంత్రం లేదు.

చివరికి నడుము వైపు నుంచి ఇంకో పడవ వచ్చింది. అందులో ఎల్లాజీ పడుకుని ఉన్నాడు. తల తిప్పి నన్ను చూశాడు. అప్పుడు దిగాను కట్ట మీంచి. ఎలా దిగానో తెలియదు.

ద్వాదశి

ఎల్లాజీకి మూడు పక్కటెముకలు విరిగాయి. ఊపిరి తీసుకుంటే మూలుగుతున్నాడు, తీసుకుంటున్నాడు అదే చాలు.

దానయ్య తాడు వదలలేదు. పడవ వంతెనకి కొట్టుకుని పగిలినా, తాను నీళ్లలో పడినా, వంతెన కమ్మీకి కాలు మెలేసుకుని తాడు పట్టుకునే ఉన్నాడట. అరచేతుల తోలు మొత్తం ఊడిపోయింది. సింహాలమ్మ చెప్పింది, వేళ్లు విప్పడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చిందని.

నవమి నాడు నేనన్న మాట ఎల్లాజీకి గుర్తుందో లేదో. నేను అడగలేదు. వెదురు గొట్టం నిండా మా ఇంటి చేపనూనె, పసుపు కలిపి దానయ్యకి పంపాను. కాలిన చోటికి, తోలు ఊడిన చోటికి అది మంచిది.

మధ్యాహ్నం పెట్టె ముందు కూర్చున్నాను. ఈసారి ప్రశ్న మార్చి అడిగాను. "నిన్నటి ఆ స్వల్ప మార్పు సముద్రం మీద ఎలా నడిచింది?"

"తూర్పు నుండి తీరం వైపు. ఆ లోతు నీటిలో అల ఎంత వేగంగా ప్రయాణిస్తుందో సరిగ్గా అంతే వేగంతో. అందువలన గాలి తోపుడు ఆసాంతం అల మీదనే నిలిచి, చిన్న అల పెద్దదయింది."

"మరి మడుగులో?"

"మడుగు పొడవునకు తగిన ఊపు ఒకటి ఉంటుంది. బయటి అల తలుపుల సందులలో నుండి తోసి దానిని మొదలుపెట్టినది. సాధారణంగా అది కొద్ది సేపటిలో అణిగిపోతుంది. తలుపులు తెరవడం వలన అణగలేదు."

"ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదు?"

"తుఫాను గురించి మాత్రమే హెచ్చరించమని ఆదేశం. ఇది తుఫాను కాదు. మీరు అడగలేదు."

దీన్ని బాగుచేసినవాడు లంకవాడు అయినా కాకపోయినా, తయారుచేసినవాడు మాత్రం మా రెండు ఊళ్లలోనూ పుట్టలేదు.

తాతారావు చిన్నాన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బురద విసిరినవాళ్లలో తాను లేనన్నాడు. నేను అడగలేదు. కమిటీలో మాట్లాడతానన్నాడు, ముల్లు ఎగిరిన రోజు రెండు తలుపులూ దించే ఉంచాలని. "లంకోలు ఒప్పుకుంటారా?" అన్నాడు. "ఆలు ఒప్పుకుంటారు. మనోలని ఒప్పించు ముందు" అన్నాను.

పౌర్ణమి

కమిటీ ఇంకా తేల్చలేదు. లంకవాళ్లు సంతకం పెడితే మనం పెడతామని మనవాళ్లు, మనం పెడితే తాము పెడతామని వాళ్లు.

ఇవాళ పొద్దున ముల్లు ఎగిరింది. చెవులు గుయ్‌మన్నాయి. నీళ్లు లేచాయి, బల్లల అంచు దాకా వచ్చాయి, దిగడం మొదలుపెట్టాయి. తెప్పిళ్లలోంచి జనం తలలు బయటికి పెట్టి నా వైపు చూశారు. ఎత్తమని ఎవరూ అరవలేదు.

నేను గది తలుపు దగ్గరకి వేసి, కట్ట ఎక్కి, ఏకాదశి నాడు కూర్చున్న చోటికి నడిచాను. దారిలోనే దుర్భిణి ఎత్తి చూశాను. లంక కట్ట మీద అప్పటికే మనిషి ఆకారం కూర్చుని ఉంది. తల మీద రెండు చేతులు. నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఎందుకంత తొందర? నాకు అనుమానం వచ్చింది. కర్రకి బనీను తొడిగి కూర్చోబెట్టి, తాను లోపల మీట దగ్గర లేడు కదా?

కూర్చుని చాలాసేపు అలాగే చూశాను. ఆ ఆకారం కదలలేదు. నా అనుమానం పెరిగింది. కాళ్లు లేవబోయాయి.

అప్పుడు తల మీది ఒక చెయ్యి కిందకి దిగి, మెల్లగా వీపు గోక్కుని, మళ్లీ తల మీదికి వెళ్లింది.

నేనూ నా చేతులు తల మీద పెట్టుకున్నాను.